ముక్కుపుడక పక్కన బుడిపె

ముక్కుపుడక పక్కనే చిన్న నల్ల బుడిపె లేచింది. పుట్టుమచ్చేమో అనుకున్నాను. కొన్నాళ్లకు అది పుండై, మానినట్టే మాని మళ్లీ చెమ్మగిల్లేది. ముఖం తుడుచుకుంటే తువాలుకి ఆవగింజంత రక్తపు చుక్క. మా ఊళ్లో డాక్టరు గారు పుడక ఒరుసుకుని కురుపైందని ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. ఏడాది పూశాను. పుడక తీసేసినా తగ్గకపోయేసరికి అమ్మాయి బలవంతంగా హైదరాబాద్ తీసుకెళ్లింది.

బయాప్సీలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. తెల్లవాళ్లకి ఇది ముత్యంలా మెరుస్తూ కనిపిస్తుందట, మన రంగు వాళ్లకి తరచుగా నల్లగానే ఉంటుందట. ఒళ్లంతా పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఉన్నచోటే తినేస్తుందన్నారు. నాకైతే క్యాన్సర్ కంటే ముక్కు కోస్తారన్న మాటకే కాళ్లు వణికాయి.

చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా తీసేశారు. పుడక రంధ్రం కూడా అందులోనే పోయింది. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదని తేలాక, చెవి నుంచి మృదులాస్థి తీసి ముక్కుకి ఊతంగా పెట్టి, నుదుటి చర్మాన్ని పట్టీలా లేపి కిందికి తిప్పి కుట్టారు. కనుబొమ దగ్గర మొదలు మాత్రం తెంచలేదు. అక్కడి రక్తనాళమే కొత్త చర్మాన్ని బతికించాలి. ఇది మన దేశపు పాత విద్యేనని, పూనా దగ్గర ఇలా ముక్కు అతికించిన సంగతి 1794లోనే లండన్ పత్రికలో అచ్చయిందని సర్జన్ గారు చెప్పారు. ధైర్యం చెప్పడానికే అనుకోండి. అప్పట్లో మత్తుమందు లేదు కదా అని నాకు ఇంకా భయమేసింది.

తర్వాత మూడు వారాలు నుదుటి నుంచి ముక్కు దాకా తొండమే. "అమ్మమ్మా, నువ్వు వినాయకుడివా?" అంది మనవరాలు. కళ్లజోడు పెట్టుకునే వీల్లేదు, పేపరు చదవలేను, టీవీ మసక. డ్రెస్సింగ్ మార్చేటప్పుడు నర్సమ్మ కొత్త ముక్కు మీద దూది ఆనిస్తే, ఆనింది నుదుటి మీదే అనిపించేది. ఒకసారి ముక్కు మీద ఈగ వాలితే నుదురు విదిలించుకున్నాను.

మూడో వారం ఆ తొండం తెంచేశారు. ఇప్పుడు నుదుటి మీద బొట్టుకి కాస్త పక్కగా నిలువు గీత మిగిలింది. మొన్న చెకప్‌లో, మళ్లీ ముక్కు కుట్టించుకోవచ్చా అని సిగ్గుపడుతూనే అడిగాను.

"రెండో వైపు ఉందిగా అమ్మా," అన్నారు సర్జన్ గారు.

పుడక ఇంకా డబ్బీలోనే ఉంది.