రూపాయి తీసుకునేవాళ్లు దొరికేసరికి నాలుగుసార్లు తిరిగినా

ఎన్నికల ఖర్చుల లెక్క కాపీలు నిన్న సాయంత్రం చేతికొచ్చినాయి. 186 పేజీలు. ఏ అభ్యర్థిదో రాయను. ఏ ఆఫీసో అసలే రాయను, రేపు మళ్లీ అక్కడికే పోవాల. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎవరికైనా ఇదే పని పడితే నా మాదిరి తిరగకుండా ఉండేదానికి, కోపం చల్లారకముందే రాసి పెడుతున్నా.

నాకు కావలసింది బండ్ల లెక్క. 2024 మే 13న పోలింగ్ అయిన మరుసటి రోజు ఒక ఊర్లో రాళ్ల గొడవ జరిగింది. తాడిపత్రి గొడవంత పెద్దది కాదు. తాడిపత్రి, పల్నాడు గొడవల మీదయితే ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేయించింది, సిట్ వేయించింది. నేను చెప్పేది జిల్లా పేజీలో నాలుగు లైన్లు పడిన గొడవ. దాని ఎఫ్‌ఐఆర్‌లో ఆరు బండ్ల నంబర్లున్నాయి. వాటికి బాడుగ ఎవరిచ్చినారు, డీజిల్ ఎవరు పోయించినారు? అభ్యర్థా, పార్టీనా, ఏదన్నా కాంట్రాక్టు కంపెనీనా? ఇదొక్కటే తేల్చుకోవాలనుకున్నా.

సులభమైనవి ముందు. ఫారం 26, అంటే అభ్యర్థి ఆస్తులు, కేసులు చెప్పే అఫిడవిట్, ఎన్నికల సంఘం సైట్లో ఐదు నిమిషాల పని. ఎఫ్‌ఐఆర్ పోలీసు సైట్లో దొరుకుతుంది. సున్నితమైనవి తప్ప మిగతావన్నీ 24 గంటల్లో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్ పేరు, సంవత్సరం, క్రైం నంబరు ఉంటే చాలు.

కంపెనీల డబ్బు సంగతికి ఎలక్టోరల్ బాండ్ల (పార్టీలకు చందా ఇచ్చేదానికి కొనే బాండ్లు) జాబితాలు చూసినా. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. మార్చి 14న వచ్చిన జాబితాల్లో కొన్నది ఎవరో ఒకచోట, మార్చుకున్న పార్టీ ఇంకోచోట ఉంటాయి, రెండింటికీ ముడి వేసేదానికి ఏమీ లేదు. మార్చి 21న వచ్చినవాటిలోనే బాండు నంబర్లున్నాయి. అవే దించుకోండి. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ఒకటుంది. నంబరు ఒక్కటే చూసి జత చేస్తారు. అదే నంబరు కోటి రూపాయల బాండుకూ ఉంటుంది, పది లక్షల బాండుకూ ఉంటుంది. నంబరు ముందు గడిలో ఓసీ అంటే కోటి, టీఎల్ అంటే పది లక్షలు, ఓఎల్ అంటే లక్ష, టీటీ పదివేలు, ఓటీ వెయ్యి. ఎక్సెల్లో ఈ గడినీ నంబరునూ కలిపి ఒక కొత్త గడి చేసుకుని, అప్పుడు జత చేయాల. కంపెనీ పేరు కూడా ఒకచోట 'ప్రైవేట్' అని, ఒకచోట 'ప్రై' అని, ఒకచోట 'లి' లేకుండా ఉంటుంది, అందుకే పేరులో మొదటి ముక్కతో వెతకండి. లెక్కలు రాసే పని నాది కాబట్టి ఒక పూటలో తెమిలింది. తెలియనివాళ్లకు వారం పడుతుంది.

అయితే ఆ జాబితాల్లో నియోజకవర్గం ఉండదు. కంపెనీ పార్టీకిస్తుంది, పార్టీ అభ్యర్థికిస్తుంది, ఊర్లోకొచ్చేసరికి కంపెనీ పేరు చెరిగిపోతుంది. పైగా ఎన్నికలప్పటికి బాండ్లే లేవు. అందుకే అభ్యర్థి లెక్క చూడక తప్పదు.

ఇంగ నన్ను ఏడిపించిన ఘట్టం.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాల. ఎమ్మెల్యే అభ్యర్థికి పరిమితి 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు. సైట్లో నాకు దొరికింది అబ్‌స్ట్రాక్ట్, అంటే మొత్తాల సారాంశం, ఒక్కటే. రోజువారీ రిజిస్టరు, వోచర్లు కావాలంటే ఆఫీసుకు పోవాల. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లో 88వ నియమం ఏమంటుందంటే, ఎవరైనా సరే ఒక రూపాయి ఫీజు కట్టి ఆ లెక్క చూడొచ్చు, సంఘం పెట్టిన రేటు కట్టి అటెస్ట్ చేసిన కాపీలు తీసుకోవచ్చు. ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

మొదటిరోజు పోయి చెప్తే, సీట్లో ఉన్నాయన "సమాచార హక్కు కింద పెట్టుకోప్పా" అన్నాడు. అది గొయ్యి. జిల్లా ఆఫీసులో పది రూపాయలు కట్టి పెడితే 30 రోజులు గడువు. అది చాలక 'మూడో వ్యక్తి సమాచారం' అని అభ్యర్థికి నోటీసు పంపుతారు, ఆయన వద్దంటాడు, అప్పీలుకు పోండంటారు. 88వ నియమంలో మూడో వ్యక్తీ లేడు, నాలుగో వ్యక్తీ లేడు. ఆర్టీఐ పెట్టుకోమని చెప్పేవాణ్ణి ఈ విషయంలో నమ్మొద్దు.

రెండోరోజు నియమం ప్రింటు తీసుకుని పోయినా. చదివినాడు. జేబులోనుంచి రూపాయి బిళ్ల తీసి టేబుల్ అద్దం మీద పెట్టినా. ఆయన దాన్ని చేత్తో ముట్టలేదు. పెన్ను మూతతో మెల్లగా నా వైపు తోసి, "ఏ పద్దు కింద జమ చేసుకోవాల దీన్ని?" అన్నాడు. పక్క సీటాయన, ఇంకో ఇద్దరు నవ్వినారు. నేను మళ్లీ తోసినా, ఆయన మళ్లీ తోసినాడు. బిళ్ల అంచు దాటి కింద పడింది. పదిమంది చూస్తుండగా వంగి, బీరువా కింద చెయ్యి పెట్టి వెతుక్కున్నా. లక్షల లెక్కలు చూసే నాకు ఒక రూపాయి కట్టే యోగ్యత లేకపోయింది. చెవులు ఇప్పటికీ వేడెక్కుతున్నాయి.

మూడోసారి పోతే చలానా కట్టుకుని రమ్మన్నారు. పద్దు నంబరు చెప్పమంటే ట్రెజరీలో అడగమన్నారు, ట్రెజరీలో మీ ఆఫీసులోనే అడగమన్నారు. ఇట్లా తిరిగేటప్పుడు నోటిమాట పనికి రాదని అప్పుడు తెలిసింది. నాలుగోసారి మనిషితో మాట్లాడలేదు. జిల్లా ఎన్నికల అధికారి పేరున ఒక పేజీ అర్జీ, అందులో 88వ నియమం పూర్తి పాఠం, 'రూపాయి తీసుకోవడానికి నిరాకరించిన తేదీ' అని ఒక లైను, కింద 'ప్రతి: ముఖ్య ఎన్నికల అధికారి' అని రాసి, తపాలా సెక్షన్లో ఇచ్చి, నా కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకున్నా. పని చేసింది నియమం కాదు, ఆ 'ప్రతి' అన్న మాట. గంటలో సూపరింటెండెంటు పిలిపించి "కూర్చోండి" అన్నాడు. తెల్లకాగితం మీద 'అక్షరాలా ఒక రూపాయి మాత్రమే' అని రసీదు రాసిచ్చినారు. కాపీలకు పేజీకి రూపాయి.

అడిగేటప్పుడు పేరుపేరునా అడగండి. 'ఖర్చుల లెక్క' అంటే అబ్‌స్ట్రాక్ట్ ఇచ్చి పంపుతారు. ఎ, బి, సి భాగాలు, వోచర్లు, షెడ్యూళ్లు, వీటితోపాటు షాడో అబ్జర్వేషన్ రిజిస్టరు అని రాయండి. ఈ చివరిది అభ్యర్థి రాసింది కాదు, వీడియో బృందాలు తీసిన దాన్నిబట్టి ఆఫీసు అకౌంటింగ్ టీము రాసుకునేది. రెండూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. అసలు రిజిస్టరులో రోజువారీ ఖర్చు (ఎ) తెల్ల పేజీలు, నగదు (బి) గులాబీ, బ్యాంకు (సి) పసుపు. జిరాక్సులో మూడూ ఒకే బూడిద రంగు. అక్కడే నిలబడి ప్రతి పేజీ మూల ఎ, బి, సి అని రాసుకోండి, ఇంటికొచ్చినాక విడదీయలేరు. 2019 లెక్కలు కావాలంటే ముందు పాత జిల్లా కేంద్రంలో అడగండి, 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినాక మీది అక్కడ, మాది ఇక్కడ అని బంతి ఆడతారు.

రాత్రి కూర్చుని చూసినా. షెడ్యూలు 9, అంటే కంపెనీలు, వ్యక్తులు నేరుగా అభ్యర్థికిచ్చిన డబ్బు: నిల్. షెడ్యూలు 8, పార్టీ ఇచ్చింది: ఒకే మొత్తం. షెడ్యూలు 5 బండ్లది. నంబరు, రోజు బాడుగ, డీజిల్, డ్రైవరు బత్తా, ఎన్ని రోజులు, చివర ఖర్చు పెట్టింది అభ్యర్థా, పార్టీనా, ఇతరులా అని మూడు గడులు. నా ఆరు నంబర్లలో రెండు ఇందులో ఉన్నాయి. మే 11 సాయంత్రం ప్రచారం ముగిసేదాకా బాడుగ రాసినారు, ఆ తర్వాత వాటి పేరు లేదు. పోలింగు రోజుకు నియమం ప్రకారం మూడు బండ్లే, అభ్యర్థికొకటి, ఏజెంటుకొకటి, కార్యకర్తలకొకటి. ఆ మూడూ వేరే బండ్లు. మిగతా నాలుగు నంబర్లు లెక్కలోనూ లేవు, షాడో రిజిస్టరులోనూ లేవు. 'ఇతరులు' అనే గడి మొత్తం ఖాళీ.

ఇక్కడుంది కిటుకు. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షను ప్రకారం లెక్క నామినేషన్ రోజునుంచి ఫలితం ప్రకటించే రోజుదాకా, అంటే 2024లో జూన్ 4 దాకా నడవాల. మే 14 అందులోపలే. నేను తెచ్చుకున్న షాడో రిజిస్టరు మాత్రం మే 13తో ఆగిపోయింది. మే 14న తిరిగిన బండి 'ఎన్నికకు సంబంధించిన ఖర్చా, కాదా' అని అభ్యర్థి వాదించొచ్చు, వాదించనీ. కనీసం ఆ ప్రశ్న ఎవరో ఒకరు వేయాల కదా. అభ్యర్థి అనుమతి లేకుండా వేరేవాళ్లు ఖర్చు పెడితే అదీ నేరమే, పాత ఐపీసీ 171హెచ్. శిక్ష ఎంతో తెలుసా, 500 రూపాయలు దాకా జరిమానా. కొత్త భారతీయ న్యాయ సంహితలో 176గా మార్చి పదివేలు చేసినారు. ఒక బండి నాలుగురోజుల బాడుగ కూడా రాదు.

గడువుల లెక్క ఇంకా అన్యాయం. ఎన్నిక చెల్లదని హైకోర్టులో పిటిషన్ వేయాలంటే ఫలితం నుంచి 45 రోజులే. అభ్యర్థి లెక్క ఇచ్చేదానికి 30 రోజులు. అంటే మీ చేతిలో ఉండేది 15 రోజులు, అందులో నాలుగుసార్లు రూపాయి చుట్టూ తిరగాల. నాకు ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. మిగిలింది ప్రజాప్రాతినిధ్య చట్టం 10ఎ సెక్షను కింద ఎన్నికల సంఘానికి ఫిర్యాదు. లెక్క సరైన రీతిలో ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత. లెక్క నిజమా కాదా అని సంఘం లోతుగా చూడొచ్చని 2014లో అశోక్ చవాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఫిర్యాదులో ఆ తీర్పు పేరు రాయండి.

ఇంగ ఆ నాలుగు బండ్ల యజమానులు. ఫోన్ యాప్‌లో నంబరు కొడితే పేరు మధ్యలో చుక్కలొస్తాయి. బండ్లు సీజ్ చేసి ఉంటే ఆర్‌టీఓ ఆఫీసు ఇచ్చిన యజమాని వివరాలు చార్జిషీటు వెంట ఉంటాయి. చార్జిషీటు బయటివాళ్లు అడిగితే దొరకదు, అది పబ్లిక్ డాక్యుమెంటు కాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. అందుకే ఆ రాళ్ల గొడవలో గాయపడినాయన పేరు మీదే కాపీ అర్జీ పెట్టాల. కేసు 2024 జులై 1న కొత్త చట్టాలు రాకముందుది కాబట్టి, అర్జీలో పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) సెక్షన్లు రాయాల్నా, కొత్తవా అని ముందే కనుక్కోండి, వాపసు తెచ్చుకోకండి. ప్రభుత్వం మారితే కేసులు ఎత్తేయించుకునేది మన సీమలో కొత్త కాదు గానీ, ఎమ్మెల్యేలు, ఎంపీల మీద కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయకూడదని 2021 ఆగస్టు ఆదేశముంది. ముద్దాయి మామూలు కార్యకర్త అయితే ఆ అడ్డు లేదు, కాబట్టి వాయిదా తేదీలు మీరే కోర్టుల సైటు ఈ-కోర్ట్స్‌లో చూసుకుంటా ఉండాల.

సోమవారం గాయపడినాయనతో కలిసి కాపీ అర్జీ వేస్తున్నాం. కోర్టు ఫీ స్టాంపులు ఈరోజే కొనిపెట్టినా, పదకొండయితే స్టాంపులాయన టీకి పోతాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో చెప్పలేం.