ఆదివారం ఆరాధనకు ఆరున్నర శృతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ సంఘంలో పెద్దల కమిటీ కూర్చున్నా రేకుల రిపేర్లు, కానుకల లెక్కలు అయ్యాక చివరికొచ్చేది పాటల గొడవే. పెద్దవాళ్లకు కీర్తన కావాలి, యవ్వనస్థులకు వర్షిప్ కావాలి. పాస్టరుగారు మధ్యలో పడి ఒక వారం వీళ్లకీ ఒక వారం వాళ్లకీ పంచుతారు. దాంతో ప్రతి ఆదివారమూ సగం సంఘం నోరు మూసుకుని కూర్చుంటుంది. ఈ గొడవను భక్తికీ లోకానికీ మధ్య తగువులా మాట్లాడతారు గానీ, దగ్గరికెళ్లి వింటే ముప్పాతిక వంతు శృతిదీ తాళానిదీ. ఆ రెండూ చేతితో సరిచేసుకోదగ్గవి.

మనం ‘పాతది’ అని కాపాడుకుంటున్నది ఎంత పాతదో ముందు చూద్దాం. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లో విశాఖపట్నంలో దిగారు. వాళ్లు మొదలుపెట్టిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. తర్వాత శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, పాలకొండల్లో కెనడా బాప్టిస్టులు, సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ లూథరన్లు స్థిరపడ్డారు. అందరూ ఎవరి దేశపు వరసలు వాళ్లు వెంట తెచ్చుకున్నవాళ్లే. మన రాగతాళాల్లో, పల్లవీ చరణాలతో క్రీస్తు కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివారు ఆ రోజుకి కొత్తపాటలవాళ్ల కింద లెక్క. హార్మోనియం సంగతి మరీ తమాషా. దాని మూలం 1842లో పారిస్‌లో పేటెంటయిన, కాళ్లతో తొక్కే వాయిద్యం. కలకత్తాలో చేత్తో ఊదే పెట్టెగా మారాక మన ఊళ్లకొచ్చి, చాపమీద కూర్చుంది. కథోలికుల దివ్యబలి పూజ కూడా 1962–65 నాటి రెండో వాటికన్ మహాసభ తర్వాతే లాటిను విడిచి తెలుగులోకొచ్చింది. ఇవాళ అక్కడ తబలా, తాళాలతో సాగే భజననే సంప్రదాయం అంటున్నారు.

గుమ్మం బయట చెప్పులు, నేలమీద చాపలు, ఆడవాళ్లొకవైపు మగవాళ్లొకవైపు, తలమీద కొంగు. వీటిలో చాలావరకు మన ఊరు నేర్పినవే. అవి పోతే పెద్దవాళ్లకు బెంగ సహజం. అయినా కుర్చీలు వేసిన సంఘం పాడగలదు. శృతి కుదరని సంఘం పాడలేదు.

ఇక శృతి. మన లెక్కలో ఒకటి అంటే కీబోర్డు మీద సి, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఆరున్నర అంటే ఎ షార్ప్. ఆల్బమ్‌లో పాట పాడేది ఒక్క గొంతు, అదీ ఏళ్ల తరబడి సాధన చేసిన గొంతు. ఆ పాట రెండు శృతిలో ఉంటే మనవాళ్లూ రెండులోనే ఎత్తుకుంటారు. పల్లవి బాగానే సాగుతుంది. చరణంలో వరస పై షడ్జమం (స) దాటి పై గాంధారం (గ) తాకేసరికి ఎఫ్ షార్ప్ అందుకోవాలి. యాభై దాటిన మగవాళ్లు అక్కడ ఆగిపోతారు, ఆడవాళ్లు గడ్డాలు పైకెత్తుతారు. గడ్డాలు లేస్తున్నాయంటే శృతి ఎక్కువైందన్నమాట, వేరే పరీక్ష అక్కర్లేదు.

సంఘమంతా కలిసి పాడే పాటలో అన్నిటికన్నా పై స్వరం డి దాటకుండా చూసుకోవాలి. మగవాళ్లు ఒక స్థాయి కింద పాడతారు కాబట్టి వాళ్లకూ అదే లెక్క. పాట పై గాంధారం దాకా వెళ్లేదయితే శృతి ఆరున్నర పెట్టండి, పై గాంధారం సరిగ్గా డి మీద పడుతుంది. పై షడ్జమంతోనే ఆగే పాటయితే ఒకటిలోనో ఒకటిన్నరలోనో పెట్టొచ్చు. మరీ దింపేసినా ప్రమాదమే. పంచమం (ప) నుంచి కిందికి దిగే పాటను ఐదులో ఎత్తితే ఆడవాళ్ల గొంతులు వినిపించడం మానేస్తాయి, పాట ప్రార్థనలా గొణుగుడవుతుంది.

కీబోర్డు వాయించే కుర్రాడికి ఆరున్నరలో వేళ్లు తిరగవు. తిరగనక్కర్లేదు, వేళ్లు మార్చకుండానే శృతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. ఒకటిలో వాయించే అలవాటుంటే ట్రాన్స్‌పోజ్ మైనస్ రెండు, రెండులో వాయించే అలవాటుంటే మైనస్ నాలుగు. ఎక్కువగా జరిగే పొరపాటు తర్వాతి పాటకి దాన్ని సున్నాకి తేకపోవడం. పక్కన హార్మోనియం కూడా ఉంటే ఇంకో చిక్కు. పాత పెట్టెల రీడ్లు ఎ స్వరానికి 440 అనే కొలతకి అటో ఇటో ఉంటాయి. రెండూ కలిపి నొక్కితే అలలు అలలుగా వణుకు వినిపిస్తుంది. హార్మోనియాన్ని అక్కడికక్కడ మార్చలేం కాబట్టి కీబోర్డులో ట్యూనింగ్ అనే చోటికెళ్లి, ఆ వణుకు పోయేదాకా కొద్దికొద్దిగా జరపాలి. ఆరాధనకు ముందు రెండు నిమిషాల పని.

తాళం దగ్గర ఇంతకన్నా పెద్ద గొడవలవుతాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంలో కీర్తనల తలమీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. ఆ వరసను చదివేవాళ్లు తగ్గిపోయారు. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు; కీబోర్డులో నాలుగు దెబ్బల రిథమ్ ఏది నొక్కినా సరిపోతుంది. రూపకమయితే మూడు దెబ్బల రిథమ్ కావాలి, అంటే వాల్ట్జ్. దాన్ని నాలుగులోకి లాగితే ప్రతి పాదం చివరా ఒక ఖాళీ దెబ్బ మిగిలి పాట కుంటుతుంది. మిశ్రచాపు, అదే తకిట తకదిమి, ఏడు అక్షరాలు. మామూలు కీబోర్డుల్లో ఏడు దెబ్బల రిథమ్ దొరకడం అరుదు. వాయించేవాడు ఎనిమిది నొక్కేస్తాడు. చిన్నప్పట్నుంచి ఏడులో పాడిన మామ్మ ఒక దెబ్బ ముందే అందుకుంటుంది, మైకులో ఉన్నవాడు ఒక దెబ్బ ఆగుతాడు. రెండో చరణానికి ఇద్దరికీ మధ్య మూడు మాటల దూరం. ‘ఏటి బాబూ, పాట ఎక్కడెత్తినారో తెలీనేదు, ఎక్కడ దించినారో తెలీనేదు’ అని బయటికొచ్చి ఆవిడ అనేది అందుకే. కొత్తదనం మీద ఆవిడకి కోపం లేదు, ఆవిడ లెక్క కరెక్టు. మిశ్రచాపు కీర్తన వచ్చినప్పుడు ఆటో రిథమ్ ఆపేసి, డోలక్ చేత్తో వాయించుకోవడమే దారి.

ఎత్తుగడ ఇంకో మెలిక. కొన్ని కీర్తనలు తాళం మొదటి దెబ్బయిన సమం మీద మొదలుకావు, దెబ్బ పడ్డాక అరో ఒకటిన్నరో అక్షరాలు వదిలి ఎత్తుకుంటాయి. డ్రమ్స్ కుర్రాడు ‘వన్ టూ త్రీ ఫోర్’ అని లెక్కపెట్టగానే అందరూ దెబ్బ మీదే దూకేస్తారు. ఇక పాటంతా అర అక్షరం జరిగిపోయి, ఒత్తు పడాల్సిన చోట పడదు. చేత్తో తాళం వేసి చూపించేవాళ్లు ఒక్కరుంటే ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. విజయనగరంలో 1919 నుంచీ సంగీత కళాశాల నడుస్తోంది. ఆ చుట్టుపక్కల సంఘాలవాళ్లు తాళం లెక్క నేర్చిన మనిషి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఒక శనివారం సాయంత్రం పిలిచి కూర్చోబెట్టుకుంటే చాలు. నేర్పే మనిషి ఏ మతమయితేనేం, ఆది తాళానికి అందరికీ ఎనిమిదే.

కార్డులు, అంటే మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కడం, పెద్ద ఉచ్చు. ఒకటి శృతిలో ఎడమచేత్తో సి, ఎఫ్, జి మేజర్లు తిప్పుతూ పోవడం కుర్రాళ్లకి అలవాటు. శంకరాభరణం కీర్తనకి అవి బాగానే అతుకుతాయి. మోహనకి సి మేజర్, ఎ మైనర్ చాలు, ఆ రెంటిలోని స్వరాలన్నీ రాగంలోవే. మాయామాళవగౌళ వస్తే మాత్రం కథ తిరగబడుతుంది. అందులో రిషభం (రి), ధైవతం (ధ) శుద్ధం, అంటే డి, ఎ లకి అర మెట్టు కింద ఉంటాయి. జి మేజర్‌లో ఉండే డి ఆ రిషభంతో గొడవ పడుతుంది, ఎఫ్ మేజర్‌లో ఉండే ఎ ఆ ధైవతంతో. రెండు మూడు వారాలు ఇలా వాయిస్తే జనం తెలియకుండానే రిషభాన్ని పైకి లాగేసి, కీర్తనను మేజర్‌లోకి మార్చేసుకుంటారు. రాగం చచ్చిపోయినట్టు ఎవరికీ తెలియదు, ‘పాత పాటలో ఇదివరకటి కన్నీళ్లు లేవు’ అంటారంతే. ఇలాంటి రాగాలకి కార్డులే వద్దు. షడ్జమం, పంచమం రెండే పట్టుకుని ఆగకుండా మెత్తగా సాగే ప్యాడ్ టోన్ మీద ఉంచండి. చెప్పాలంటే కొత్త ఆరాధనలో అందరూ మెచ్చుకునే ఆ ప్యాడ్ చేసే పని తంబురా చేసేదే, హార్మోనియం మీద షడ్జమం రీడు నొక్కిపట్టి ఉంచితే అయ్యేదే. కీర్తనకి ఇంతగా నప్పే కొత్త పరికరం ఇంకోటి లేదు.

కొత్త పాటల మీద నా ఫిర్యాదు వరసల గురించి కాదు, మాటల గురించి. ఇంగ్లీషు, హిందీ పాటల వరసల్లోకి తెలుగు మాటలు కుక్కినప్పుడు లఘువు మీద పొడుగు స్వరం పడుతుంది. ‘మహిమ’లో మూడూ లఘువులే. మధ్య అక్షరం మీద రెండు దెబ్బల స్వరం పడితే సంఘమంతా ‘మహీమ’ అంటుంది. పాట రాసేవాళ్లు అక్కడ మాట మార్చాలి, పాడేవాళ్లయితే ఆ సాగదీతను చివరి అక్షరం మీదికి జరుపుకోవచ్చు. ప్రాస సంగతి కూడా ఉంది. కీర్తనల్లో పాదపాదానికీ రెండో అక్షరం కలుస్తుంది. చదువురాని తల్లులు అయిదారు చరణాలు కంఠతా పట్టగలిగింది ఆ కొక్కేన్ని పట్టుకునే. ప్రాస లేకుండా ఒకే వాక్యాన్ని పదిసార్లు తిప్పే పాటకి కంఠస్థం అక్కర్లేదు నిజమే, కాని ఇంటికెళ్లాక పొయ్యి దగ్గర పాడుకోవడానికి అందులో మిగిలేది ఆ ఒక్క వాక్యమే.

తెర పెట్టినచోట ఒక తెరకి రెండు పాదాలు, మహా అయితే నాలుగు. నలభై అడుగుల హాలుకి తెరమీద అక్షరం నాలుగంగుళాలకి తగ్గితే వెనకవాళ్లకి ఒత్తులు కలిసిపోతాయి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాటను అలాగే తెచ్చి అతికిస్తే గజిబిజి గుర్తులొస్తాయి, యూనికోడ్‌లోకి మార్పించుకోవాలి. తెర మార్చేవాడు పాదం అయ్యాక కాదు, చివరి మాట మొదలవగానే మార్చాలి. చదువురానివాళ్లు ఎక్కువున్న ఊళ్లో తెరకన్నా పాత పద్ధతే మేలు. పాట చెప్పేవాళ్లు పాదం అందిస్తారు, అందరూ తిప్పి పాడతారు.

రేకుల కప్పు, సిమెంటు నేల ఉన్న హాల్లో శబ్దం గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది. దాన్ని దాటాలని వాల్యూమ్ పెంచుతారు, మైకు ఈల వేస్తుంది, ఇంకా పెంచుతారు. పాట నడుస్తుండగా చివరి వరసలో నిలబడి చూడండి. పక్కమనిషి గొంతు వినబడకపోతే కీబోర్డు ఎక్కువైనట్టే. తన గొంతు తనకి వినబడనివాడు రెండో పాదానికి మానేస్తాడు. వాచ్‌నైట్‌కి (డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి) బయట బాకాలు కట్టేవాళ్లు రాత్రి పదినుంచి ఉదయం ఆరుదాకా లౌడ్‌స్పీకరు నిషేధం ఉందని గుర్తుంచుకోవాలి. ముందుగా పోలీసుల్ని అడిగి, సడలింపు లేకపోతే లోపలి బాక్సులతోనే కానివ్వాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి ఆదివారాల్లో పనికొచ్చేవి హార్మోనియం, తాళాలు, కంఠస్థం వచ్చిన పాటలు.

పాత కీర్తనను యూత్ చేత పాడించాలంటే నెలకి ఒకటి చాలు. మొదటి వారం వాయిద్యాలు లేకుండా, తాళాలతో మాత్రమే, పెద్దావిడెవరైనా వరస చెబుతుంటే నేర్చుకోవాలి. ఆ వరసని ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. పుస్తకంలోని రాగానికీ మన ఊరి వరసకీ తేడా ఉంటే ఊరి వరసే ఉంచండి, సంఘం నోట్లో ఉన్నది అదే. రెండో వారం ప్యాడ్, మూడో వారం డోలక్. డిసెంబరు మంచుకి తోలు వదులవుతుంది కనక డోలక్ బిగింపు ఆ పొద్దునే చూసుకోవాలి. నాలుగో వారం సంఘం ముందుకి, రెండు మూడు చరణాలే.

నేర్చుకున్న ప్రతి పాటకీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి. పైన నంబరు, రాగం, తాళం. కింద ఇలా: ‘శృతి ఆరున్నర. ట్రాన్స్‌పోజ్ మైనస్ రెండు. ఎత్తుగడ దెబ్బ తర్వాత అర అక్షరం. కార్డులు వద్దు, స–ప ప్యాడ్. 1, 2, 5 చరణాలు.’ డిగ్రీ అయిన ఏడాదిలోపు కీబోర్డు కుర్రాడు హైదరాబాదో చెన్నయ్యో వెళ్లిపోతాడు, ఫోన్‌లోని నోట్సూ వాడితోపాటే పోతుంది. అందుకని ఆ నోట్‌బుక్ బాప్తిస్మాల రిజిస్టరు ఉండే బీరువాలో ఉండాలి, తాళంచెవి పాట ఎత్తే పెద్దావిడ దగ్గర కూడా ఒకటి ఉండాలి.