బంతి చోట గిన్నె, గిన్నె చోట బంతి

దువ్వెన పట్టుకున్న కుడి చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగిపోయేది. అక్కడి నుంచి ఒక్క అంగుళం కూడా లేవదు. ఎడమ చేత్తో మోచెయ్యి కింద పట్టుకుని ఎత్తితే మాత్రం పైదాకా వచ్చేది. పట్టు వదిలితే ధబ్బున కిందపడేది. రెండేళ్ళపాటు, చెయ్యి తల దగ్గరికి రాదు కాబట్టి తలనే చెయ్యి దగ్గరికి వంచి దువ్వుకున్నాను.

దీనికి మూలం అంతకు ఏడేళ్ళ ముందు జరిగింది. మెట్ల మీద జారి ఆ భుజం మీదే పడ్డాను. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. కొన్నాళ్ళకి నొప్పి తగ్గకపోతే "భుజం పట్టేసింది, ఈ వయసులో మామూలే" అన్నారు. మాత్రలు, ఇంజెక్షన్లు, మళ్ళీ మాత్రలు. ఎముకను కీలులో పట్టి ఉంచే నాలుగు కండరాల స్నాయువులు, అంటే రొటేటర్ కఫ్, తెగితే ఆ సంగతి మామూలు ఎక్స్‌రేలో కనపడదని నాకెవరూ చెప్పలేదు. ఎంఆర్ఐ తీస్తే ఆ వారమే తెలిసిపోయేది. అప్పుడైతే కుట్టగలిగేవారేమో. ఆ ఏడేళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ముఖ్యంగా ఆ రాత్రుల మీద. కుడివైపు తిరిగితే నొప్పి, ఎడమవైపు తిరిగితే చెయ్యి బరువుకి లాగేసే నొప్పి. కుర్చీలో కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాను.

చివరికి భుజాల ఆపరేషన్లే చేసే సర్జన్ దగ్గరికి వెళ్ళేసరికి నాకు 67 నిండాయి. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి, "చూడండమ్మా, ఈ గుండు ఎక్కడుండాలి, ఎక్కడుందో" అన్నారు. గుండంటే దండ ఎముక తల. అది రెక్క ఎముకకి ఉండే గిన్నెలాంటి పల్లం ముందు ఉండాల్సింది. అది పైకి జారి, భుజం కొస ఎముకకి ఆనుకుని, అక్కడే ఒరుసుకుని ఒక గుంట చేసుకుంది. కిందికి పట్టి ఉంచే స్నాయువులు లేవు. పైకి లాగే జబ్బ కండ, అదే డెల్టాయిడ్, ఒక్కటే మిగిలింది. అది లాగిన కొద్దీ గుండు పైకి జరుగుతుందే తప్ప చెయ్యి లేవదు. ఈ స్థితిని వర్ణించి పేరు పెట్టింది అమెరికా సర్జన్ చార్లెస్ నీర్, 1983లో. కఫ్ టియర్ ఆర్థ్రోపతీ అంటారు.

"మామూలు భుజం మార్పిడి మీకు పనిచెయ్యదు. కఫ్ బాగున్నవాళ్ళకే అది. మీకు తిరగేసి పెట్టాలి" అన్నారాయన. ఎడమ పిడికిలి బిగించి, కుడి అరచేతిని దోసిలిలా దాని మీద బోర్లించి చూపించారు. గిన్నె ఉండే చోట, రెక్క ఎముకకి, లోహపు బంతి బిగిస్తారు. బంతి ఉండే చోట, దండ ఎముక పైన, ప్లాస్టిక్ గిన్నె పెడతారు. దాంతో చెయ్యి తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరుగుతుంది. జబ్బ కండ సాగి బిగువెక్కుతుంది. కఫ్ లేకపోయినా ఆ ఒక్క కండే చేతిని ఎత్తగలుగుతుంది. లేనిదాన్ని తెచ్చి పెట్టలేక, ఉన్నదానికే బలం చేకూరేలా కీలునే మార్చేశారన్నమాట. ఆ ఆలోచన నన్ను కట్టిపడేసింది.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. ఇంటికొచ్చి అంకెల్లో పడ్డాను. మా అమ్మాయి "ఇవన్నీ ఎందుకమ్మా, భయం పెంచుకోవడానికి కాకపోతే" అంది. నాకు మాత్రం అంకెలు చదివితేనే భయం తగ్గుతుంది.

భుజం మార్పిడి కొత్తదేం కాదు. 1893లోనే పారిస్‌లో జూల్ ఎమిల్ పేఆన్ అనే సర్జన్, క్షయతో కీలు పాడైన ఒక మనిషికి ప్లాటినం, గట్టిపరచిన రబ్బరుతో చేసిన భుజం పెట్టాడు. ఇన్ఫెక్షన్ తగ్గక సుమారు రెండేళ్ళకి తీసెయ్యాల్సి వచ్చింది. 1950లలో నీర్ బంతి ఒక్కటే మార్చే సగం మార్పిడిని నిలబెట్టాడు. నాలాంటి కఫ్ లేని భుజాలకి చాలాకాలం ఆ సగం మార్పిడే దిక్కు. నొప్పి కొంత తగ్గేది గానీ చెయ్యి లేచేది కాదు. తిరగేసి పెట్టడాన్ని పనికొచ్చేలా చేసినవాడు ఫ్రాన్స్‌లో, దిజోఁ నగరంలో పనిచేసిన పాల్ గ్రామోఁ, 1985లో. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 2003 చివర్లో.

ఆ తర్వాతి అంకెలు చూస్తే ఆశ్చర్యమేసింది. అమెరికాలో 2011లో తిరగేసిన భుజాలు సుమారు 23 వేలు పెడితే, 2017కి ఏడాదికి 60 వేలు దాటాయి. అదే కాలంలో సగం మార్పిడి సగానికన్నా తక్కువకి పడిపోయింది. మొదట నాలాంటివాళ్ళ కోసమే వచ్చిన ఆపరేషన్, తర్వాత పెద్దవయసులో ముక్కలైన భుజం ఎముకలకీ, ఇదివరకే పెట్టిన కృత్రిమ భుజం చెడిపోయినవాళ్ళకీ, ఇప్పుడు గిన్నె బాగా అరిగిన మామూలు కీళ్ళవాతానికీ చేస్తున్నారు. దేశం మొత్తం లెక్క రాసిపెట్టే రిజిస్ట్రీలు కూడా భుజాలకి ఆలస్యంగానే వచ్చాయి. ఆస్ట్రేలియాలో భుజాల వివరాలు 2000ల మధ్యలో మొదలైతే, ఇంగ్లండ్, వేల్స్ రిజిస్ట్రీలో 2012లో చేర్చారు. తుంటి, మోకాళ్ళకి ఉన్నంత సుదీర్ఘమైన లెక్క భుజానికి ఇంకా లేదు.

ఈ చదువంతటి నుంచీ నాకు పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే. ఎక్కువగా చేసే చేతుల్లో, ఎక్కువగా జరిగే చోట చిక్కులు తక్కువని అధ్యయనాలన్నీ దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. మోకాళ్ళతో పోలిస్తే భుజాలు చాలా తక్కువ కాబట్టి, ఏడాదికి కొన్నే చేసే సర్జన్లూ చాలామంది ఉంటారు. మళ్ళీ వెళ్ళినప్పుడు మొహమాటం వదిలేసి అడిగేశాను: "డాక్టరుగారూ, మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు?" ఆయన నొచ్చుకోలేదు. అంకె చెప్పారు, ఎన్ని చెడిపోయాయో కూడా చెప్పారు. నేను ఒప్పుకున్నది ఆ రెండో మాట విన్నాక.

ఆపరేషన్‌కి ముందు కొన్ని రోజులు మొటిమలకి వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ భుజానికి, చంకకి రాయమన్నారు. చర్మరంధ్రాల లోపల బతికే ఒక బాక్టీరియా భుజం ఇంప్లాంట్లకి ప్రధాన శత్రువట. అది ఎంత మెల్లగా పెరుగుతుందంటే, అనుమానం వచ్చినప్పుడు తీసిన నమూనాని ల్యాబులో రెండు వారాలు ఉంచి చూస్తారట. బట్టల మీద పడితే తెల్లటి మచ్చలు పడతాయి, పాతవి కట్టుకోండి అని నర్సు ముందే చెప్పింది.

ఆపరేషన్ సంగతి నాకు తెలియదు, మత్తులో ఉన్నాను. మెలకువ వచ్చేసరికి చెయ్యి నాది కాదు. మెడ దగ్గర నరాలకిచ్చిన ఇంజెక్షన్ వల్ల వేళ్ళ దాకా మొద్దుబారి, పక్కన ఇంకెవరిదో చెయ్యి పెట్టినట్టుంది. కుడి కనురెప్ప వాలింది, గొంతు బొంగురుపోయింది, ఊపిరి సగమే అందుతున్నట్టు అనిపించింది. పక్షవాతమేమోనని గుండె ఝల్లుమంది. ఆ మందు పక్క నరాలకి పాకితే ఇలా అవుతుందని, దిగిపోతుందని నర్సు చెప్పేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. అలాగే దిగిపోయింది. దాంతోపాటు తెల్లవారుజామున నొప్పి వచ్చి పడింది. మందు దిగకముందే మాత్ర వేసుకోమన్నారు, నేను నొప్పి లేదుగా అని మానేశాను. ఈ ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఆ తప్పు చెయ్యకండి.

స్లింగులో ఆరు వారాలు. కుడి చేత్తో ఆనుకుని కుర్చీలోంచి లేవకూడదు, చెయ్యి వీపు వెనక్కి పోనివ్వకూడదు. ఆ భంగిమలోనే కీలు తప్పుతుంది. రోజూ ముందుకి వంగి చెయ్యి వేలాడదీసి, గడియారం లోలకంలా ఊపడం ఒక్కటే పని. ఒంటి చేత్తో బతకడం ఎంత కష్టమో అన్నం కలిపేటప్పుడు కన్నా తువ్వాలు పిండేటప్పుడు బాగా తెలిసింది.

ఏడో వారంలో ఫిజియోథెరపిస్టు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, "మీ ఎడమ చెయ్యి కుడి జబ్బ మీద పెట్టుకోండమ్మా. ఇప్పుడు ఎత్తండి" అంది. ముందు ఏమీ జరగలేదు. ఆ తర్వాత నా అరచేతి కింద కండ ముడుచుకుని గట్టిపడటం తెలిసింది. చెయ్యి వణుకుతూ లేచింది. ఎవరూ పట్టుకోలేదు. పైకప్పు వైపు చూపిస్తున్న నా వేళ్ళని అలాగే చూస్తూ ఉండిపోయాను. కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోబుద్ధి కాలేదు.

కూర్చుని ఎత్తడానికి ఇంకో నెల పట్టింది. మూడో నెల నుంచి రబ్బరు పట్టీలతో బలం కోసం వ్యాయామం. నాలుగో నెలలో తల నిటారుగా పెట్టి దువ్వుకున్నాను. రాత్రి నొప్పి మాత్రం దానికన్నా చాలా ముందే, రెండో నెలలోనే పోయింది. మంచం మీద నిద్రపోవడం మళ్ళీ నేర్చుకున్నాను.

ఏడాదికి చూపించుకోవడానికి వెళితే చెయ్యి ముందుకి 135 డిగ్రీలు లేచింది. ఆపరేషన్‌కి ముందు నింపిన ఫారమే మళ్ళీ ఇచ్చారు. 12 ప్రశ్నలు, పూర్తి మార్కులు 48. తల దువ్వుకోగలరా, బట్టలు అల్మరాలో తగిలించగలరా, చంకలు కడుక్కుని తుడుచుకోగలరా, రాత్రి నొప్పి ఉందా. అప్పుడు నాకు 13 వచ్చాయి. ఈసారి కూడుకుంటే 42.

రిజిస్ట్రీల్లో ముఖ్యంగా లెక్కపెట్టేది మళ్ళీ ఆపరేషన్ అవసరమైందా లేదా అని. ఆ లెక్కలోనూ నాది నెగ్గిన భుజమే. కానీ ఈ తిరగేసిన కీలుతో చాలామందికి చెయ్యి వీపు వెనక్కి సరిగా పోదు. నాకూ బొటనవేలు పిరుదు పక్క దాకానే వెళుతుంది. నడుం దాకా రాదు. వీపు కడుక్కోవాలన్నా, వెనక ముడి వేసుకోవాలన్నా ఎడమ చెయ్యే. నాకు ముందే చెప్పి ఉంటే కూడా ఆపరేషన్ చేయించుకునేదాన్నే, కానీ చెప్పి ఉండాల్సింది.

పన్నెండు ప్రశ్నల్లో ఎక్కడా అది అడగలేదు. పన్నెండో ప్రశ్న కింద కాస్త ఖాళీ ఉంది. పెన్ను కుడి చేత్తోనే పట్టుకుని, అక్కడ రాసిచ్చాను: "13. చెయ్యి వీపు వెనక్కి పోతుందా? పోదు."