తమ్ముడికి ఉద్యోగం వెతికేటప్పుడు అమ్మ టైము కూడా లెక్కలోకి రావాలి

వికలాంగులు ఉన్న ఇంట్లో ఉద్యోగం వెతకడం మొదలుపెడితే అది ఇద్దరి పని అవుతుంది. ట్రైనింగ్‌కి వెళ్ళేది ఒకరు. పొద్దున్నే వాళ్ళకి స్నానం చేయించి, తిండి పెట్టి, ఆటో ఎక్కించి, అక్కడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో సాయంత్రం దాకా కూర్చునేది ఇంకొకరు. ఈ రెండో మనిషి గురించి ఏ దరఖాస్తులోనూ అడగరు, మహా అయితే చివర్లో 'వెంట వచ్చేవారు' అని ఒక గడి ఉంటుంది. మదనపల్లె, చిత్తూరు, హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరులో ఉంటున్నవాళ్ళు నాకు ఫోన్ చేసి ఎప్పుడూ అడిగేది "అక్కా, మా వాడిని ఎక్కడికి తీసుకెళ్ళాలి?" అని. నేను ముందు అడిగేది ఎవరు తీసుకెళ్తారు, ఎన్నింటికి, ఆ టైములో వాళ్ళ పని ఏమవుతుంది అని. అది తేలకుండా మంచి సెంటర్ దొరికినా నెల తిరిగేసరికి మానేస్తారు, అలా మానేసినవాళ్ళని చాలామందిని చూశాను.

మా తమ్ముడికి సెరెబ్రల్ పాల్సీ. రెండు కాళ్ళూ, కుడి చెయ్యి పట్టివ్వవు, మాట కొంచెం నిదానం, లెక్కల్లో మాత్రం మా ఇంట్లో అందరికంటే చురుకు. దూరవిద్యలో బీకాం పాసయ్యాడు. అమ్మ మదనపల్లెలో ఉన్నప్పుడు జాకెట్లు కుట్టేది, చేతి పని బాగుంటుందని పక్క వీధుల నుంచి కూడా వచ్చేవాళ్ళు. బెంగళూరు కేఆర్ పురం వచ్చాక మిషన్ మీద గుడ్డ కప్పేసింది, ఎందుకంటే నేను ఎనిమిదిన్నరకి ఆఫీసుకి బయల్దేరితే వాడికి ఇంట్లో ఉండేది తనొక్కతే.

ముందు కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊళ్ళో తీసుకున్న సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం, ఉంది కదా అని ఊరుకోకండి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి, అది దేశమంతా చెల్లుతుంది. స్వావలంబన్ కార్డు వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. వైకల్యం 40 శాతం దగ్గర ఒక గీత ఉంది, 40, ఆపైన ఉంటేనే రిజర్వేషన్ లాంటివి వర్తిస్తాయి. 40 నుంచి 80 లోపు ఉన్నవాళ్ళకి పసుపు కార్డు, 80, ఆపైన ఉన్నవాళ్ళకి నీలం కార్డు. ఇక పింఛను. ఆంధ్రాలో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 చేశారు, అది పోతుందేమోనని ఇక్కడ అడ్రస్ మార్చుకోవడానికి చాలామంది భయపడతారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ అడ్రస్ అక్కడ, మనిషి ఇక్కడ అయితే కర్ణాటక ఇచ్చేవి ఏవీ రావు, రెండు రాష్ట్రాల్లో రెండు పింఛన్లు తీసుకోవడం ఎలాగూ కుదరదు. ఎక్కడ ఉండబోతున్నారో ఇంట్లో కూర్చుని తేల్చుకుని, ఆ తర్వాతే ఆధార్ జోలికి వెళ్ళండి.

ఇక ఎక్కడికి వెళ్ళాలి. హోసూరు రోడ్డులో కేంద్ర కార్మిక శాఖ నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది, వికలాంగుల కోసమే. పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ పాత పేరుతో వీఆర్సీ (వొకేషనల్ రిహాబిలిటేషన్ సెంటర్) అనే అంటారు. మనిషి ఏం చేయగలడో, దేని మీద ఆసక్తి ఉందో అక్కడ పరీక్షించి చెప్తారు, ఏ కోర్సులోనో చేర్చేముందు ఈ పని జరగడం మంచిది. కోరమంగళలో ఎనేబుల్ ఇండియా ఉంది, 1999లో మొదలైంది, కంప్యూటర్ పనులు, కంపెనీ ఉద్యోగాలు వాళ్ళ బలం. లింగరాజపురంలో ఏపీడీ, అంటే అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ, 1959 నుంచి ఉంది, తోటపని శిక్షణ కూడా ఇస్తారు, మట్టిలో పనిచేయడం ఇష్టమున్న పిల్లలకి అది చాలా బాగా పనికొస్తుంది. చూపు లేనివాళ్ళకి హెచ్ఎస్ఆర్ లేఅవుట్ వైపు సమర్థనం ఉంది. చెన్నైలో ఉన్నవాళ్ళయితే గిండీలో ఇలాంటి కేంద్ర ప్రభుత్వ సెంటరే ఉంది, ఒకటి కంటే ఎక్కువ వైకల్యాలు ఉన్నవాళ్ళు ముట్టుకాడులోని జాతీయ సంస్థకి వెళ్ళాలి.

బెంగళూరులోని మెదడు, మానసిక జబ్బుల పెద్దాసుపత్రి నిమ్హాన్స్ గురించి విడిగా చెప్పాలి. మన రాయలసీమ వైపు నుంచి ఎన్ని కుటుంబాలు రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి అక్కడి ఓపీ లైన్‌లో నిలబడతాయో బెంగళూరులో ఉన్న మనందరికీ తెలుసు. డాక్టర్‌ని చూస్తారు, మూడు నెలల మందులు తీసుకుంటారు, మధ్యాహ్నం బస్సుకి వెనక్కి వెళ్ళిపోతారు. అదే ఆవరణలో మానసిక పునరావాస విభాగం ఉందని, స్కిజోఫ్రేనియా లాంటి జబ్బుల నుంచి కోలుకుంటున్నవాళ్ళకి అక్కడ పని నేర్పిస్తారని, వాళ్ళు నడిపే కెఫే కూడా ఉందని చాలామందికి తెలియదు. మందులతో పాటు పని కావాలని మీరే డాక్టర్‌ని అడగండి. మానసిక జబ్బు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి.

సెంటర్‌కి వెళ్ళేముందు ఫోన్ చేసి కోర్సు పేరు కంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. క్లాసు ఎన్నింటికి మొదలు? పది తర్వాత రావచ్చా? వెంట వచ్చినవాళ్ళు వదిలేసి వెళ్ళిపోవచ్చా, లేక రోజంతా ఉండాలా? మధ్యలో బాత్రూముకి తీసుకెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటారా? చివరిది అడగడానికి మొహమాటపడతాం. ఒక చోట లిఫ్టు ఉంది, ర్యాంపు ఉంది, అన్నీ బాగున్నాయి అనుకుని వెళ్తే బాత్రూము తలుపులోంచి వీల్‌చెయిర్ దూరలేదు. అమ్మ తన కుట్టు టేపు తీసి కొలిచింది, కుర్చీకంటే రెండు అంగుళాలు తక్కువ. తమ్ముడు ఆ రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చున్నాడు. అప్పట్నుంచి ఎక్కడికి వెళ్ళినా టేపు అమ్మ సంచిలోనే ఉంటుంది.

వాడికి ట్రైనింగ్‌లో నిజంగా దారి చూపించింది చాలా చిన్న విషయం. కీబోర్డు మీద రెండు మూడు కీలు కలిపి నొక్కడం ఒక్క చేత్తో కష్టం, లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్, కంట్రోల్‌తో చేసే పనులేమో బోలెడు. విండోస్‌లో షిఫ్ట్ కీని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒకటి అడుగుతుంది, దాన్ని ఆన్ చేస్తే కంట్రోల్ నొక్కి వదిలేసి, తర్వాత తీరిగ్గా రెండో కీ నొక్కచ్చు. సార్ చూపించగానే వీడు కంట్రోల్ నొక్కాడు, చెయ్యి తీశాడు, 'A' కీ నొక్కాడు, ఎంట్రీ సేవ్ అయింది. మళ్ళీ చేశాడు. డిగ్రీ అయిపోయిన మనిషికి అన్నేళ్ళలో ఈ సంగతి ఒక్క టీచరూ చెప్పలేదే అని నాకు ఒళ్ళు మండింది. అలాగే చూపు లేనివాళ్ళకి తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్వీడీఏ పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. దానికోసం ఎవరికీ డబ్బులు కట్టకండి.

ఇంటర్వ్యూల దగ్గరికొస్తే, వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీ మేనేజరు తమ్ముడి ఎదురుగానే అమ్మ వైపు తిరిగి "ఇతనికి చెప్తే అర్థమవుతుందా?" అని అడిగాడు. అమ్మ ఏదో చెప్పబోయేలోపే వీడు "సార్, నన్ను అడగండి, టైము పడుతుంది కానీ చెప్తాను" అన్నాడు. తర్వాత చెప్తామన్నారు, చెప్పలేదు. ఇలాంటి చోట మనకి చట్టం తెలిసి ఉండాలి. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, ప్రైవేటులో అలా కోటా లేదు, నిజమే. కానీ 20 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రైవేటు సంస్థలో వికలాంగులకి సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలి, ఆ సంగతులు చూసుకోవడానికి ఒక లైజన్ ఆఫీసర్ని కూడా పెట్టాలి. ఇంటర్వ్యూకి ముందే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి ఆ ఆఫీసర్ ఎవరో అడగండి. నోటిమాటగా అడిగితే నవ్వి దాటేస్తారు, రాతలో అడిగితే జవాబు ఇవ్వాల్సి వస్తుంది. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళు గంటకి 20 నిమిషాల అదనపు టైము, రాయలేనివాళ్ళయితే స్క్రైబ్‌ని, అంటే వాళ్ళ బదులు రాసిపెట్టే మనిషిని, దరఖాస్తులోనే అడగాలి, పరీక్ష రోజు అడిగితే ఇవ్వరు.

ఇప్పుడు అమ్మ సంగతి. ఆ 2016 చట్టంలోనే సంరక్షకులకి నిర్వచనం ఉంది, జీతం తీసుకోకుండా చూసుకునే తల్లిదండ్రులూ అందులోకి వస్తారు. కర్ణాటక 2024-25 బడ్జెట్‌లో సెరెబ్రల్ పాల్సీ, మస్క్యులర్ డిస్ట్రఫీ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళని చూసుకునేవాళ్ళకి నెలకు 1,000 ప్రకటించింది. వెయ్యి రూపాయలు బెంగళూరులో ఏ మూలకి అని అడక్కండి, ఆ పనికి ఒక ప్రభుత్వం విలువ కట్టడం మొదలైందంటే నాకు అది పెద్ద విషయమే. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి. ఇంట్లో సంపాదించేవాళ్ళు పాత పన్ను పద్ధతిలో ఉంటే పన్ను కట్టే ఆదాయంలోంచి 75,000, 80 శాతం, ఆపైన వైకల్యమైతే 1,25,000 మినహాయింపు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైతే, తమ మీద ఆధారపడ్డ వికలాంగుల్ని ప్రధానంగా చూసుకునేవాళ్ళు మామూలు బదిలీల నుంచి మినహాయింపు అడగచ్చు.

సంరక్షకులకి శిక్షణలు కూడా ఉన్నాయి. ఒక మేడమ్ అమ్మతో "మీకు ఇంత అనుభవం ఉంది కదా, కేర్‌గివర్ కోర్సు చేయండి, బయట మంచి జీతం" అని ఎంతో ప్రేమగా చెప్పింది. అమ్మ దారిలో ఏమీ మాట్లాడలేదు, ఇంటికొచ్చాక అంది, "బిడ్డని ఎత్తి దించి నా నడుము పోయింది, జీతమిస్తే మాత్రం బయటికి పోయి మళ్ళా అదే పనా? నేను జాకెట్లు కుడతా." ఆ కోర్సు చాలామందికి బతుకు ఇస్తుంది, దాన్ని తక్కువ చేయడం లేదు. అయినా చూసుకునేవాళ్ళని కూడా నీకేం పని ఇష్టం అని ఎవరైనా ఒకసారి అడగాలి కదా, వికలాంగుల్ని అడిగినట్టే.

అందుకే బాణసవాడి దగ్గర జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే ఒక ఆఫీసు వాళ్ళు తమ్ముడిని తీసుకుంటామన్నప్పుడు మేం జీతం కంటే ముందు టైము మాట్లాడాం. వాళ్ళు తొమ్మిది నుంచి ఆరు అన్నారు. పొద్దున వాడి వ్యాయామాలు, స్నానం, టిఫిన్ అయ్యేసరికి పదిన్నర అవుతుంది, అది తగ్గించేది కాదు. పదకొండు నుంచి నాలుగు, ఇంటి నుంచి పని, నెలాఖరులో రెండు మూడు రోజులు ఆఫీసుకి, ఆ గంటలకి తగ్గ జీతం అని అడిగాం. ఆ ఆఫీసు ఆయన కాసేపు ఆలోచించి సరే అన్నారు, రిటర్నులు టైముకి పడితే చాలన్నారు. ఆ ఐదు గంటల్లో మధ్యలో భోజనానికి, బాత్రూముకి లేవడం తప్ప అమ్మ చేతులు ఖాళీ. మిషన్ మీది గుడ్డ తీసింది. మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్ళు పది ఇళ్ళకి తక్కువ ఉండరు, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఇప్పుడు నాకే జాకెట్ కుట్టిచ్చే టైము లేదంటోంది.

తేలనిది ఒకటుంది. అమ్మకి జ్వరమొస్తే, ఊళ్ళో చావో పెళ్ళో అయితే, నేను సెలవు పెట్టాలి, లేదా వాడి పని ఆగాలి. రెండు మూడు రోజులు నమ్మకంగా వచ్చి చూసుకునే మనిషి మా వైపు ఇంకా దొరకలేదు. ఏజెన్సీల వాళ్ళు ముసలివాళ్ళని చూసుకోవడానికి పంపుతారు కానీ పాతికేళ్ళ మగమనిషిని ఎత్తాలంటే వెనక్కి తగ్గుతారు, నెల మొత్తానికి మాట్లాడుకుంటేనే వస్తామంటారు. కేఆర్ పురం, రామమూర్తి నగర్, మహదేవపుర చుట్టుపక్కల అలా రోజు లెక్కన వచ్చే మగమనిషి, కాస్త తెలుగో కన్నడమో వచ్చినవాళ్ళు మీకు తెలిస్తే చెప్పండి. మాలాంటి ఇళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకో నాలుగు నాకు తెలుసు, అందరం కలిసి ఒకరికి నెలంతా పని ఇవ్వగలం.