మారుతి 800 ఇంజన్ పని: మూడో సిలిండర్ రింగు

మా 1998 మోడల్ 800 సంక్రాంతికి నెల్లూరు వెళ్లొచ్చినప్పటి నుంచే ఆయిల్ తాగుతోంది. లారీని దాటుదామని ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కితే చాలు, వెనక నీలం పొగ. మూడు ప్లగ్గులూ విప్పి కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి, పీఎస్ఐలో) చూస్తే మొదటి సిలిండర్లో 165, మూడో దాంట్లో 160 వచ్చింది. నడిమి దాంట్లో 105 మాత్రమే. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అదే 150కి లేచింది. అంటే లీకు వాల్వుల దగ్గర కాదు, పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) దగ్గరే. వాల్వులుండే హెడ్డు ఒక్కటే విప్పి సరిపెట్టుకుందామన్న ఆశ అక్కడే వదిలేశాను.

ఇంజన్ దింపడానికి ఒక ఆదివారం పట్టింది. చెన్నై కొళత్తూరులో మా షెడ్డు దూలానికి చైన్ పుల్లీ కట్టి, తమ్ముణ్ణి తోడు పెట్టుకున్నాను. తీసిన ప్రతి వైరుకీ, హోస్‌కీ పేరు రాసి టేపు అంటించాను. అందరూ ఇలాగే చేయండి, తర్వాత చాలా టైము మిగులుతుంది.

పాడిలో లేత్ షాపులో కొలిపిస్తే నడిమి బోరు 0.12 మిల్లీమీటర్లు అరిగింది. అసలు సైజు 68.5. 0.25 ఓవర్‌సైజు చేసినా (బోరు అంత పెద్దది చేసినా) గోడ అంతా శుభ్రపడదన్నారు. అందుకే 0.50కి వెళ్లాం. జీపీ రోడ్డులో పిస్టన్లు, రింగులు ముందే కొని, ఆ పిస్టన్లు లేత్ షాపు వాళ్ల చేతికిచ్చాకే బోర్ చేయించాను. పిస్టన్ కొలత చూడకుండా బోర్ కొట్టించడం నాకు ఇష్టం లేదు. పాత హెడ్డు బోల్టు ఒకటి మర తినేస్తే దానికి బదులు పుదుపేటలో దొరికింది.

బ్లాక్ ఇంటికొచ్చిన రోజు వర్షం. హోనింగ్ (బోరు గోడని రాయితో సాన పట్టడం) వదిలిన పొడి కిరోసిన్‌తో పోదు, వేడి సబ్బు నీళ్లు, బ్రష్షు కావాలి. కానీ ఈ ఊరి గాలిలో కడిగి తుడిచేలోపే గోడల మీద ఎర్రటి పొర కనిపించింది. అందుకని ఒక్కో సిలిండర్ కడగడం, వెంటనే తుడవడం, ఆయిల్ గుడ్డతో రుద్దడం. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తుడిచాను. ఒక్కోదానికి పదిహేనుసార్లు పట్టింది.

నెల్లూరులో మెకానిక్కుగా చేసిన మా బాబాయి ఫోన్లో, "ఒరేయ్, రింగుల కవరు మీద రాసిన సైజు నమ్మొద్దురా. ప్రతి రింగూ బోరులో పెట్టి చూడు" అన్నాడు. చూశాను. రింగు బోరులో దింపి, పిస్టన్ తలకిందులుగా పెట్టి నిటారుగా కిందికి తోసి, ఫీలర్ గేజితో (మందం రాసి ఉన్న సన్నటి బ్లేడ్లు) రింగు రెండు కొసల మధ్య సందు కొలవాలి. మొదటి రెండు సిలిండర్లలోనూ 0.25 మిల్లీమీటర్లు వచ్చింది. మూడో దాంట్లో పై రింగుకి ఒక మిల్లీమీటరు బ్లేడు కూడా వదులుగా ఆడింది. బ్లేడ్లు కలిపి పెడితే 1.8. కింద టార్చి పెట్టి చూస్తే రింగుకీ గోడకీ మధ్య సన్నటి వెలుతురు.

లెక్క వేస్తే తెలిసిపోయింది. బోరు వ్యాసం 0.50 పెరిగితే చుట్టుకొలత 1.57 పెరుగుతుంది. మామూలుగా ఉండాల్సిన 0.25 కలిపితే దాదాపు 1.8. అది స్టాండర్డ్ సైజు రింగు, 0.50 కవర్లో కలిసిపోయింది. అలాగే బిగించి ఉంటే ఇంత పనీ చేసి మళ్లీ పొగే చూసేవాణ్ణి. ఆ రాత్రి నాకు నిజంగా చేతులు వణికాయి. షాపులో చూపిస్తే మాట్లాడకుండా మార్చి ఇచ్చారు.

కొత్త రింగు సందు 0.26. బేరింగుల్లో ప్లాస్టిగేజ్ (ఎంత నలిగిందో చూసి సందు కొలిచే మెత్తటి పోగు) పెట్టి బిగించి విప్పితే 0.04, బాగుంది. నిన్న రింగుల సందులు ఒకదాని కింద ఒకటి రాకుండా తిప్పి, అక్షరం ఉన్న వైపు పైకి పెట్టి, మూడు పిస్టన్లూ దింపాను. పిస్టన్ రాడ్డు కింద ఒక్కో బేరింగు క్యాపు బిగించినప్పుడల్లా క్రాంక్ బోల్టుకి పానా పెట్టి తిప్పి చూశాను. మూడూ అయ్యాక కూడా ఎక్కడా పట్టకుండా, ఒకే బరువుతో తిరిగింది. బాబాయికి వీడియో పంపాను. వచ్చే ఆదివారం హెడ్డు, టైమింగ్ బెల్టు.