పాలవాయి బూడిద దిబ్బ

కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయి బూడిద దిబ్బను మొన్న ఎండలు ముదరకముందే వెళ్లి చూసి వచ్చాను. అది రాక్షసుణ్ణి కాల్చిన చోటని పెద్దలు చెప్పేవారని దారి చూపిన గొర్రెల కాపరి అన్నాడు. బళ్లారి దగ్గర కుడితిని దిబ్బను హిడింబాసురుని చితి అనీ, హంపీ పక్కన నింబాపురం దిబ్బను వాలి చితి అనీ చెప్పుకోవడం ముందే తెలుసు కనుక నాకు ఆశ్చర్యం కలగలేదు.

దిబ్బ అంచున ఒక గడ్డను చేతిలోకి తీసుకున్నాను. ఒక పక్క గాజులా మెరుస్తూ, లోపలంతా బుడగలు పడి, అచ్చం ఇనుము కరిగించగా మిగిలే చిట్టెంలాగే ఉంది. కానీ బరువే లేదు. ఇలాంటి గడ్డలను చూసే ఒకప్పుడు కొందరు ఈ దిబ్బలను ఇనుము కరిగించిన చోట్లనీ, మరికొందరు సామూహిక దహనాలు జరిగిన చోట్లనీ భావించారు. ఇది పశువుల పేడేనని గట్టిగా వాదించినవాడు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్. గడ్డిలోని సిలికా పేడలోనూ మిగిలి, మంట బాగా రాజుకున్నప్పుడు కరిగి ఇలా గడ్డకడుతుంది.

1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఇలాంటి దిబ్బనే తవ్వినప్పుడు, కంచె గుంజలు పాతిన గుంతలతో పాటు బూడిద పొరల్లో పశువుల గిట్టల అచ్చులు కూడా బయటపడ్డాయి. అంటే అది నవీన శిలాయుగపు, అంటే రాతి పనిముట్లతోనే పశుపోషణ, సాగు చేసిన కాలపు, పశువుల దొడ్డి. పొరమీద పొరగా కాలింది కాబట్టి ఒకనాటి అగ్నిప్రమాదం కాదు.

అయితే గంపెడు పేడను కూడా వృథా పోనివ్వని మనకు, వాళ్లు ఇంత పేడను ఎందుకు తగలబెట్టారన్నది అంత సులభంగా అర్థం కాదు. ఏటేటా పండుగకు మంట వేసి పశువులను దాటించి ఉంటారని ఆల్చిన్ ఊహించాడు. పేరుకున్న పేడను వదిలించుకోవడమే తప్ప ఇందులో క్రతువేమీ లేదన్నది ఎదుటి వాదం. నాకైతే ఇది అనవసరపు తగాదాగా తోస్తుంది. భోగినాడు ఇంట్లోని పాత సామానును మంటలో వేసేటప్పుడు మనం చేసేది శుభ్రతా, పండుగా అని ఎవరైనా అడిగితే ఏమని చెబుతాం?

తిరిగి వస్తుండగా కాపరి ఇంకో మాట చెప్పాడు. వాళ్ల తాత కాలంలో ఈ బూడిదను ఎద్దులబండ్ల మీద తోలుకుపోయి, వేరుశనగ చేలకు ఎరువుగా చల్లుకున్నారట.