గడియారం ముల్లు పట్టుకున్న చెయ్యి

"అమ్మా, పడిపోతాడా?" అంటూ మావాడు నా చున్నీ పిడికిట్లో బిగించేశాడు. తెర మీద పాతకాలం హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ ఎత్తైన భవనం మీది గడియారం ముల్లు పట్టుకుని వేలాడుతున్నాడు, కింద ట్రామ్‌లు చీమల్లా పోతున్నాయి.

1923 నాటి మూకీ సినిమా 'సేఫ్టీ లాస్ట్'. ఒక్క మాట వినపడదు, అయినా ఏడేళ్ల పిల్లాడికి ఏదీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. గోడ పట్టుకుని పైకి ఎక్కుతుంటే ఒక్కో అంతస్తుకీ ఒక్కో గండం. పావురాలు మీద వాలతాయి, వల చుట్టుకుంటుంది, చివరికి ప్యాంటులోకి ఎలుక దూరుతుంది! నవ్వుతూనే నా అరచేతులు చెమట పట్టేశాయి.

అందులో నేను చూస్తూ ఉండిపోయింది అతని కుడిచెయ్యి. 1919లో ఫోటోల కోసం పట్టుకున్న ఉత్తుత్తి బాంబు నిజంగానే పేలి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. తొడుగు వేసుకుని, ఆ చేత్తోనే ఇంత పైకి ఎక్కాడు. కింద పరుపులు వేసి ఉంచారని తెలిసినా నా గుండెదడ తగ్గలేదు.

అలాగని అంతా బాగుందనను. నగల కొట్టు యజమానిని డబ్బు పిచ్చి ఉన్న యూదుడిగా వెక్కిరించిన తీరు చూసి మనసు చివుక్కుమంది. హీరో పెద్ద ఉద్యోగమని అబద్ధాలు చెప్పి తను ప్రేమించిన అమ్మాయిని నమ్మిస్తూనే ఉంటాడు, ఆమెకేమో నమ్మడం తప్ప కథలో వేరే పనే లేదు. గోడ ఎక్కడం మొదలయ్యేదాకా అక్కడక్కడా సాగదీత కూడా.

మావాడు నిద్రపోయాక ఆ గడియారం సీన్ మళ్లీ పెట్టుకున్నాను, ఈసారి ఆ చెయ్యి కోసమే.